ఆయన సీటు

సీటు ముందుకైతే వచ్చింది గానీ వెనక్కి పోనని మొరాయించింది. పటమటలోని ఆ అపార్ట్‌మెంటు సెల్లారులో, స్తంభానికీ గోడకీ మధ్య ఇరుకులో ఆపిన కారులో కూర్చుని, సింధూరి సీటు కింది కడ్డీని పైకి లాగిపట్టి, రెండు పాదాలూ తన్నిపెట్టి, వీపుతో బలంకొద్దీ వెనక్కి నెట్టింది. బెత్తెడు జరిగి, కింద ఎక్కడో కిర్రుమని ఆగిపోయింది. ముందుకి లాగితే బుద్ధిగా వచ్చింది. మళ్ళీ నెడితే మళ్ళీ అక్కడే కిర్రు. పొద్దున బయల్దేరేటప్పుడు ఇదే సీటు టక్కుమని ఒక చప్పుడు చేసి ముందుకి జారింది. ఏదో విరిగిన చప్పుడు. పదింటికల్లా మైలవరంలో ఉండాలన్న కంగారులో విన్నది గానీ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఆయన సాయంత్రం బండికి నెల్లూరు నుంచి దిగుతాడు.

సీటు జరక్కపోతే ఏం కొంప మునిగిందని అనుకునేవాళ్ళు దుర్గాప్రసాద్‌ని ఎరగనివాళ్ళు. ఆయన ఆరడుగుల మనిషి. సింధూరి ఆయన భుజం దాకా కూడా రాదు. ఆయన కూర్చునే చోట సీటుంటే ఈమె కాలు క్లచ్‌కి అందదు. ఈమె కూర్చునే చోట ఉంటే ఆయన మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకుంటాయి. కాబట్టి కారు ఎవరు తీశారో ఆ ఇంట్లో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, సీటే చెబుతుంది. అందుకే ఆయన లేనప్పుడు బీరువాలోని రెండో తాళంతో ఎప్పుడు తీసినా, దిగేముందు సీటు వెనక్కి, వెనక చూసే అద్దం పైకి, రేడియో ఆయన వినే స్టేషనుకి, అన్నీ సర్ది ఏమీ ముట్టుకోనట్టు దిగేది. నడపడం కంటే ఈ సర్దడమే నాకు బాగా వచ్చు అని తనమీద తనే హాస్యమాడుకునేది. నవ్వు మాత్రం వచ్చేది కాదు.

ఇంతకీ కారు ఆమె పేరు మీదే ఉంది. ఆడవాళ్ళ పేరు మీదైతే బ్యాంకులో వడ్డీ కాస్త తగ్గుతుందని ఆయనే రాయించాడు. లక్ష్మీదేవి పేరు మీదుంటే కలిసొస్తుందండీ అని షోరూములో నలుగురి ముందూ అన్నాడు కూడా. సింధూరి ఆ రోజు సంతకాలు పెట్టింది, దండేసిన కారు ముందు నిలబడి ఫోటో దిగింది, ఇంటికొచ్చి అందరికీ కాఫీలు పెట్టింది. తాళం ఆయన జేబులోకి పోయింది.

దుర్గాప్రసాద్ చెడ్డవాడా అంటే ఏమని చెప్తాం. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. బందరు రోడ్డులో చేపల చెరువులవాళ్ళకి పైపులూ మోటార్లూ అమ్మే షాపు ఉంది. కంకిపాడు నుంచి వచ్చి తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషని బంధువుల్లో పేరు. ఆయన చేసేదల్లా అడగడం. గొంతు పెంచకుండా, అన్నంలో పప్పు కలుపుకుంటూ అడుగుతాడు. ఇందాక ఫోను బిజీ వచ్చింది, ఎవరు? కూర కొత్తగా ఉందే, ఎవరు చెప్పారు? చెప్పులు అక్కడున్నాయే, ఎటైనా వెళ్ళావా? సమాధానం మొత్తం విని, తలాడించి, ఏం లేదు, ఊరికే అడిగాను అంటాడు. ఊరికే అడిగినవాటికి పన్నెండేళ్ళుగా సమాధానాలు చెప్పీ చెప్పీ, ఇప్పుడు ఎవరూ అడక్కపోయినా సింధూరి బుర్రలో సమాధానాలు వాటంతటవే తయారవుతాయి. రైతు బజారులో కాస్త ఆలస్యమైతే చాలు, సంచీ భుజాన వేసుకుంటూనే ఎందుకు ఆలస్యమైందో మాటలు కూర్చేసుకుంటుంది. ఇది జబ్బో, సంసారమో ఆమెకి ఇప్పటికీ తేలలేదు.

డ్రైవింగు నేర్పించింది కూడా ఆయనే. అలా అనే చెబుతాడు అందరికీ, మా ఆవిడకి నేనే నేర్పించానండీ అని. అత్తగారు వెంకటరత్నమ్మకి మోకాలి ఆపరేషనైంది. వ్యాయామం చేయించడానికి వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. షాపు వదిలి ఆయన రాలేడు, ఆటో కుదుపులకి ఆవిడ తట్టుకోలేదు. అందుకని సింధూరి డ్రైవింగు స్కూల్లో చేరింది. చేరినన్నాళ్ళూ ఇంట్లో మహా ప్రోత్సాహం. మోకాలు బాగుపడింది. ఆ మర్నాటి నుంచి ఆ ప్రోత్సాహం జాడ లేదు. ఇక అవసరం ఏముంది, ట్రాఫిక్ బాగాలేదు, ఆటోలున్నాయి కదా అన్నాడు. తీయొద్దని మాత్రం ఆయన ఏనాడూ అనలేదు. ఎవరినైనా సాక్ష్యం పిలిచి అడగండి, అనలేదు.

అంతకుముందు ఆమె ఒక కోచింగు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. మంచి సెక్షన్లన్నీ మగ లెక్చరర్లకిచ్చి, మేడం మీకు ఓపిక ఎక్కువ కదా అని, వెనకబడిన పిల్లల్ని ఆమెకిచ్చేవాళ్ళు. ఆ పిల్లలు పాసైతే స్టాఫ్ రూములో మైసూర్‌పాకు పంచేవాళ్ళు, అంతే. అయినా ఆమెకి ఆ పని ఇష్టం. పాప పుట్టాక ఒకసారి సెలవు, ఆపరేషనప్పుడు ఇంకోసారి సెలవు, చివరికి సెలవు అడగనక్కర్లేకుండా పోయింది. మైలవరంలో ఒక జూనియర్ కాలేజీవాళ్ళు మనిషి కోసం చూస్తున్నారని పాత స్నేహితురాలు చెప్పినప్పుడు, ఆమెకి మొదట వచ్చిన ఆలోచన ఉద్యోగం గురించి కాదు, ఆయన ఊరెళ్ళేది ఎప్పుడా అని.

ఆయన నిన్న నెల్లూరు వెళ్ళాడు. ఈమె ఇవాళ మైలవరం వెళ్ళింది. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం రింగు, జి.కొండూరు, అక్కణ్ణుంచి రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు. దారంతా చేతులు చెమటలు పట్టాయి. డెమో పాఠానికి క్లాసులోకి వెళ్ళి సుద్దముక్క పట్టుకోగానే ఆ చెమట ఏమైపోయిందో తెలీదు. రెండో బెంచీ అమ్మాయి లేచి, మేడం మళ్ళీ ఒకసారి చెప్పరా అంది. మళ్ళీ చెప్పింది. ఆ పిల్లకి అర్థమైనట్టు మొహం విప్పారింది. అది చూశాక సింధూరికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది, బోర్డు వైపు తిరిగి ఆపుకుంది. ప్రిన్సిపాల్ సోమవారం వచ్చి చేరమన్నాడు. బస్సులో అయితే కుదరదు. పాప స్కూలుకి వెళ్ళాక బయల్దేరి, ట్యూషన్ నుంచి వచ్చేలోపు ఇల్లు చేరాలంటే కారు ఉండాల్సిందే. ఆయనకి మెల్లిగా చెబుదాం, భోజనమయ్యాక, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చెబుదాం అనుకుంటూ వచ్చింది. చెప్పకముందే సీటు చెప్పేస్తే, ఇక ఉద్యోగం మాట రాదు. నాకు తెలీకుండా ఎందుకెళ్ళావు అన్నదొక్కటే మిగులుతుంది. ఆ ఒక్క ప్రశ్న సోమవారాన్ని తినేస్తుంది.

కారు దిగి నిలబడేసరికి వాచ్‌మన్ శౌరయ్య గేటు దగ్గర స్టూలు మీంచి ఇటే చూస్తున్నాడు. దూరం వెళ్ళొచ్చినట్టున్నారమ్మా, టైర్లకి ఎర్రమట్టి ఉంది అన్నాడు. మామూలుగానే అన్నాడా, గుర్తు పెట్టుకోవడానికన్నాడా? అయ్యగారు ఊరెళ్ళేటప్పుడు ఇతనికేమన్నా చెప్పి వెళ్ళారా? ఒకసారి మొదలైతే ఆమె అనుమానానికి కళ్ళెం ఉండదు. ఆర్నెల్ల కిందట ఒకరోజు, మొన్న బెంజి సర్కిల్ దగ్గర మన కారు కనపడిందని ఎవరో అన్నారు, ఊరికే అడిగాను అన్నాడాయన. ఎవరో ఎవరై ఉంటారు? ఆ రోజు ఇంట్లో ఉన్నది అత్తగారొక్కతే. ఆవిడే చెప్పిందని సింధూరి అప్పుడే తేల్చేసుకుంది. ఆ రోజు నుంచి ఆవిడకి కాఫీ ఇస్తుంది, మాత్రలిస్తుంది, మోకాలికి నూనె రాస్తుంది గానీ మనసులో మాట ఒక్కటి ఇవ్వదు.

ఇంకొకటి కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. నిన్న పొద్దున ఆటో వచ్చి నిలబడ్డా ఆయన వెంటనే ఎక్కలేదు. పెట్టె ఆటోలో పెట్టించి, కారులో ఏదో మర్చిపోయానని సెల్లారులోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక వేళ్ళకి ఏదో బూడిదరంగుది అంటుకుంటే జేబురుమాలుతో తుడుచుకున్నాడు. కారు తాళం తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. అవసరమైతే ఉంటుందిలే అన్నాడు. ఆ మాటకి అప్పుడు ఆమెకి ఎంత సంతోషం వేసిందో! ఎన్నడూ చేతికివ్వని తాళం నిన్ననే ఎందుకిచ్చినట్టు?

ఎందుకైనా మంచిదని మెకానిక్ చక్రికి ఫోను చేసింది. సీటు ఇరుక్కుందని చెప్పింది. చక్రి మర్యాదగానే మాట్లాడాడు. వస్తానండి, సార్‌కి ఒక్క మాట చెప్పి వస్తానండి, సార్ ఊళ్ళో లేరు కదా అన్నాడు. సార్ ఊళ్ళో లేరని అతనికెలా తెలుసు? వద్దులేండి, అదే సర్దుకుందని ఫోను పెట్టేసింది. తన పేరు మీదున్న కారు, తను పిలిస్తే వచ్చి చూసే నాథుడు ఈ ఊళ్ళో లేడు. పోనీలే, సెంట్రిఫ్యూజులూ టర్బైన్లూ పిల్లలకి బొమ్మలు గీసి చెప్పినదాన్ని, రెండు పట్టాల మీద జరిగే కుర్చీ నాకు అర్థం కాకపోతుందా అనుకుంది. పైకెళ్ళి అత్తగారికి అన్నం పెట్టి, తను నాలుగు ముద్దలు మింగి, పాత టూత్‌బ్రష్షూ, స్క్రూడ్రైవరూ, అట్లకాడా తీసి సంచీలో వేసుకుంది.

నూనె ఒక్కటి కావాలి. కొబ్బరినూనె పూస్తే దుమ్ము పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె బుడ్డి అత్తగారి అల్మారాలో ఉంది. అడక్క తప్పలేదు.

"మిషన్ నూనె నీకెందుకే?" అంది వెంకటరత్నమ్మ.

గేటు కిర్రుమంటోంది అత్తయ్యా అని చెప్పింది సింధూరి. ఏ గేటూ అంది ఆవిడ. బాల్కనీది అంది. ఆ అబద్ధం అంత చప్పున నోటికి వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. బాల్కనీకి గేటు లేదు. ఆవిడ నూనె బుడ్డి ఇచ్చి, చెప్పులేసుకుని లిఫ్టు వైపు వెళుతున్న కోడల్ని చూస్తూ నిలబడింది.

సింధూరి ఈసారి కారు వెనక తలుపు తీసి, కాళ్ళు పెట్టుకునే చోట మోకాళ్ళ మీద కూర్చుని, బుగ్గ కింద పరిచిన మ్యాటుకి ఆనేదాకా వంగి, ఫోను లైటు వేసి చూసింది. సీటు కింద రెండు ఇనప పట్టాలు. ఎడమవైపుది నున్నగా ఉంది. కుడివైపు దాంట్లో, సీటు ఆగిపోతున్న చోట, రేగిపండంత గట్టి ముద్ద ఒకటి అడ్డంపడి ఉంది. ఇంకాస్త వెనక, పట్టా అంచుకి, అలాంటిదే ఇంకో ముక్క అతుక్కుని ఉంది. ముందు చూయింగ్ గమ్ అనుకుంది, పాపని తిట్టుకుంది కూడా. అట్లకాడ కాడతో పొడిస్తే రాయిలా టంగుమంది. స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ గెలికి, నూనె చుక్కలేసి, వేలు తెగి రక్తం వచ్చినా వదలకుండా పీకితే మొదటిది ఊడింది. రెండోదాన్ని పట్టా మీంచి చెక్కి తీయాల్సి వచ్చింది.

రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని చూసింది. బూడిదరంగు. ఇది ఆమెకి తెలిసిన వస్తువే. వంటింట్లో పైపు కారినప్పుడు ఆయన షాపు నుంచి తెచ్చి పెట్టాడు. రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి అంటిస్తే గంటలో రాయైపోతుంది, చెరువు పైపులకైనా ఇదే వాడతారు అని గర్వంగా చెప్పాడు. విరిగిన చోట్ల రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుంది. అతికినట్టు కలిశాయి. పైన బొటనవేలి ముద్ర, గీతల్తో సహా, పెద్ద వేలిది.

అప్పుడు మొత్తం అర్థమైంది. సీటు ఆయన చోట ఉండగా, జరిగే దానికీ జరగని దానికీ కలిపి ఈ ముద్ద అంటించి, వేలితో నొక్కి వెళ్ళాడు. సీటు కదిలిందా, ముద్ద విరుగుతుంది. వచ్చి వంగి చూసుకుంటే చాలు, ఎవరినీ అడగనక్కర్లేదు. తాళం కూడా అందుకే ఇచ్చాడు. ఇన్నాళ్ళూ నేనే ఆయన మీద లేనిపోని అనుమానాలు పడుతున్నానేమోనని, మనిషి ఊరికే అడుగుతుంటే నేనే పెడర్థాలు తీస్తున్నానేమోనని, ఎన్నిసార్లు తనను తాను కోప్పడిందో! ఆ కోప్పడ్డదంతా ఇప్పుడు తిరిగి గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. చెయ్యెత్తని మంచి మనిషి మోకాళ్ళ మీద వంగి, ఇదే చోట, ఇలాగే బుగ్గ ఆనించి, పెళ్ళాం కోసం బోను పెట్టాడు.

"దొరికిందా గేటు?" అన్న మాట వినపడి తల ఎత్తేసరికి వెంకటరత్నమ్మ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. లిఫ్టు దిగి ఆ కాలితో అంతదూరం నడిచొచ్చింది.

దాచడానికి టైము లేదు. దాచాలని కూడా అనిపించలేదు. సింధూరి అరచెయ్యి చాపింది. ఆవిడ ముక్కలు తీసుకుని, వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. సీటు వైపు చూసింది. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఆవిడకి తెలిసిపోయింది.

"అచ్చు వాళ్ళ నాన్నే," అంది.

కారు తలుపు పట్టుకుని మెల్లిగా వెనక సీట్లో కూర్చుని, ఆవిడ చెప్పుకుంటూ పోయింది. కంకిపాడులో కుప్ప నూర్చి, తూర్పారబట్టి, ధాన్యం రాశి పోశాక, సింధూరి మామగారు రత్తయ్య రాశి చుట్టూ తడిమట్టి ముద్దలు పెట్టి కొయ్య ముద్ర నొక్కేవాడట. చీకట్లో ఎవరన్నా చెయ్యిపెడితే మట్టి చెదిరి తెలిసిపోతుంది. అది అందరు రైతులూ చేసేదే, అందులో తప్పుపట్టేదేం లేదు. కాకపోతే ధాన్యం ఇంటికొచ్చి గాదెలో పడ్డాక కూడా ఆయన గాదె తలుపుకి అదే ముద్ర వేసేవాడు. కళ్ళంలో అయితే దొంగలు బయటివాళ్ళు. ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే.

"వీడు నన్ను అడుగుతానే ఉన్నాడు," అంది. "అమ్మా, నేను లేనప్పుడు సింధు కారు తీస్తందా అని. నిద్రపోయా, నాకు తెలవదు అని చెప్తన్నా. ఎన్నిసార్లడిగినా నా దగ్గర మాట రాలా. రాలేదనే ఇది పెట్టుకున్నాడు."

సింధూరి ఆవిడ మొహంలోకి చూసింది. ఆర్నెల్లు. ఆర్నెల్లుగా ఈవిడ ముందు నోరు కుట్టేసుకుని తిరిగింది. ఈవిడే చెప్పి ఉంటే ఈ ముద్దతో పనేముంది ఆయనకి? ఎవరు ఎవరిని అనుమానించాలో కూడా ఆ ఇంట్లో ఆయనే నిర్ణయించినట్టయింది. చెంగుతో వేలి రక్తం తుడుచుకుంటూ ఆవిడ పక్కనే కూర్చుంది. సారీ అత్తయ్యా అంది. ఎందుకని ఆవిడ అడగలేదు.

తర్వాత వెంకటరత్నమ్మ గొంతు తగ్గించి ఉపాయం చెప్పింది. బాల్కనీ అరలో ఆ ముద్ద ఇంకో పాకెట్టు ఉంది. సీటు వెనక్కి జరిపి, కొత్తది పిసికి, ఉన్నచోటే పెట్టి నొక్కెయ్, గంటలో గట్టిపడుతుంది, నా వేలు లావు, కావాలంటే నేనే నొక్కుతా అంది. చెబుతుంటే ఆవిడ కళ్ళలో ఒక చిలిపి వెలుగు. నువ్వేం భయపడబాకు, నేను గాదె ముద్రనే మళ్ళీ వేసినదాన్ని అంది. సింధూరికి నవ్వొచ్చింది. ఎందుకు వేశారూ అని అడిగింది.

కళ్ళజోడు కోసం అట. నలభై దాటగానే ఆవిడకి దగ్గరవి ఆనకుండా పోయాయి. బియ్యంలో రాళ్ళు కనపడవు, వారపత్రిక చదువుదామంటే అక్షరాలు అలుక్కుపోతాయి. ఆడదానికి కళ్ళజోడేంది, కచేరీలో గుమాస్తాగా కూర్చుంటావా అన్నాడట రత్తయ్య. ఆయన పొలం వెళ్ళినప్పుడు గాదె తెరిచి, ఒక బస్తా అమ్మి, చూరులో దాచిన కొయ్య ముద్ర తీసి మట్టి మీద మళ్ళీ నొక్కింది. పక్కింటి అమలమ్మని తోడు తీసుకుని, అమ్మవారి కొండకని చెప్పి బెజవాడ వచ్చి, కళ్ళజోడు కొనుక్కెళ్ళింది.

"ఆయన గడప దాటాక పెట్టుకునేదాన్ని. చెప్పుల చప్పుడైతే తీసి బియ్యం డబ్బాలో గుచ్చేదాన్ని. ఆయన పోయిందాకా తెలవలా ఆయనకి," అంది వెంకటరత్నమ్మ. గెలిచిన మనిషి నవ్వు నవ్వింది.

సింధూరి కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. ఎంత తెలివైన పనీ! ఒక్కసారి కూడా దొరకలేదు. తనూ దొరకదు. ఇవాళ ముద్ద పెట్టేస్తుంది, ఆయన వంగి చూసుకుని తృప్తిగా లేస్తాడు. మళ్ళీ ఆయన ఊరెళ్ళినప్పుడు కారు తీస్తుంది, మళ్ళీ ముద్ద పిసుకుతుంది. ఆ పని కూడా ఇంటి పనుల్లో కలిసిపోతుంది, పప్పు నానబెట్టడం, ఆయన చొక్కాలు ఇస్త్రీకివ్వడం, ముద్ద పిసకడం. కానీ సోమవారం ఆయన ఊళ్ళోనే ఉంటాడు. మంగళవారం కూడా ఉంటాడు. ఆ రెండో బెంచీ అమ్మాయికి పాఠం ఆయన నెల్లూరు వెళ్ళినప్పుడల్లా చెబుతుందా?

"ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ మీకు మసకేగా అత్తయ్యా?" అంది.

వెంకటరత్నమ్మ చేతిలో ముక్కల్ని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది. నవ్వు మొహం మీద ఇంకా ఉంది గానీ, దాని అడుగున ఉన్నదేదో పోయింది.

"మసకే," అంది చివరికి. "ముప్పై ఏళ్ళు ఆయన మొహం దగ్గర్నుంచి సరిగ్గా చూళ్ళేదు నేను."

పైన ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. సింధూరి లేచి, పట్టాల్లో మిగిలిన పొడినంతా టూత్‌బ్రష్షుతో ఊడ్చి, రెండింటికీ మిషన్ నూనె రాసి, ముందు సీట్లోకి వెళ్ళి కడ్డీ లాగింది. సీటు ఆయన చోటు దాకా వెళ్ళింది, చప్పుడు లేకుండా. మళ్ళీ ముందుకి వచ్చింది. ఇంకోసారి వెనక్కి, ఇంకోసారి ముందుకి. ఎంత చిన్న పని! దీనికోసమా మధ్యాహ్నం నుంచి ప్రాణం చేతబట్టుకున్నది?

అప్పుడే ఫోను మోగింది. ఆయనే. తెనాలి దాటాం అన్నాడు. ఏం చేస్తున్నావు, ఇంట్లోనే ఉన్నావా అన్నాడు. సింధూరికి బుర్రలో జవాబు ఎప్పట్లాగే తయారైపోయింది. అత్తయ్యకి కాఫీ పెడుతున్నానండి అనే మాట. అది నాలుక చివరిదాకా వచ్చింది. ఆ జవాబుని అక్కడే ఆపి, స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"పొద్దున కారులో మైలవరం వెళ్ళొచ్చానండి. అక్కడ కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. సోమవారం చేరుతున్నాను."

అటునుంచి రైలు చప్పుడు వినపడుతోంది. ఆమె కాచుక్కూర్చుంది. ఏ కాలేజీ అంటాడు. ఎవరు చెప్పారంటాడు. పాప సంగతేంటి అంటాడు. అమ్మకి భోజనం ఎవరు పెడతారంటాడు. వీటన్నిటికీ ఆమె దగ్గర నిజమైన జవాబులున్నాయి. కానీ ఆయన అవేవీ అడగలేదు.

"సీటు ఎలా ఉంది?" అన్నాడు.

అన్నాక ఆయనకే తెలిసినట్టుంది. గొంతు సవరించుకుని, అదే, ఏం లేదు, అని ఏదో మొదలుపెట్టాడు. ఆమె మధ్యలోనే అందుకుంది. మీరు పెట్టిన ముద్ద విరిగి పట్టాలో ఇరుక్కుందండీ, తీసేసి నూనె వేశాను, ఇప్పుడు బాగుంది అంది. ఆటో మాట్లాడుకోకండి, స్టేషనుకి నేనే వస్తున్నాను అంది. ఆయన ఏమన్నాడో, తెనాలికీ దుగ్గిరాలకీ మధ్య ఎక్కడో సిగ్నల్ పోయి వినపడలేదు. మళ్ళీ ఫోను చేయలేదు ఆమె. ఇంటికొచ్చాక ఆయన ఏం చేస్తాడో, వారం రోజులు మాట్లాడకుండా ఉంటాడో, తాళం మళ్ళీ జేబులో వేసుకుంటాడో ఆమెకి తెలియదు. తాళం తన చేతిలోంచి ఇవ్వననేది ఒక్కటే తెలుసు.

సీటు తనకి సరిపోయేదాకా ముందుకి జరుపుకుని, అద్దం దించుకుంది. వెనక తలుపు వేసిన చప్పుడైంది. అత్తగారు పైకెళుతోందనుకుంది. కానీ ఆవిడ కారు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు ముందు తలుపు తీసి, ఎప్పుడూ వెనకే కూర్చునే మనిషి, ముందు కూర్చుంది. ఆపరేషన్ కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"స్టేషనుకి," అంది వెంకటరత్నమ్మ, బెల్టు ఎక్కడుందో వెతుక్కుంటూ. "వాడు వెనక కూర్చుంటాడులే."